సాఫ్ట్‌వేర్ రివ్యూలు: ఐదు స్టార్లు చూసి డౌన్‌లోడ్ కొట్టేస్తున్నారా? ఆ రేటింగ్ చెప్పని సంగతులు ఇవే..

ఇంట్లో కంప్యూటర్ ఉంటే ఏదో ఒక సాఫ్ట్‌వేర్ అవసరం పడుతూనే ఉంటుంది. పెళ్లి వీడియో చూడాలంటే మీడియా ప్లేయర్. పిల్లల ప్రాజెక్ట్ వర్క్‌కు ఆఫీస్ సాఫ్ట్‌వేర్. సిస్టమ్ స్లో అయితే క్లీనర్. వైరస్ భయం ఉంటే యాంటీవైరస్. అవసరం ఏదైనా చాలామంది చేసే పని ఒకటే. గూగుల్‌లో వెతకడం, స్టార్లు చూడటం, పైనున్న నాలుగు రివ్యూలు చదవడం, డౌన్‌లోడ్ బటన్ నొక్కేయడం.

అయితే బ్యాంకు లాగిన్, ఆధార్, పాన్ కాపీలు, కుటుంబ ఫొటోలు అన్నీ ఉండేది కూడా ఆ కంప్యూటర్‌లోనే. మరి యూజర్లు చెప్పే మాటను ఎంతవరకు నమ్మొచ్చు? సింపుల్‌గా చెప్పాలంటే, సాఫ్ట్‌వేర్ వాడటానికి ఎలా ఉందో రివ్యూలు బాగానే చెప్తాయి. అది తెర వెనక ఏం చేస్తోందో మాత్రం చాలాసార్లు చెప్పలేవు. ఎందుకంటే ఆ సంగతి రివ్యూ రాసినవాళ్లకే తెలియదు.

ఫోన్ యాప్‌కు, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌కు తేడా ఏంటి?

ఫోన్‌లో చాలామందికి ప్లే స్టోర్ లేదా యాప్ స్టోరే దిక్కు. కెమెరా కావాలన్నా, కాంటాక్ట్స్ కావాలన్నా యాప్ విడిగా పర్మిషన్ అడగాలి. విండోస్ కంప్యూటర్‌లో కథ వేరు. మైక్రోసాఫ్ట్ స్టోర్ ఉన్నా, ఎక్కువ మంది ఇప్పటికీ వెబ్‌సైట్ల నుంచే ఫైల్ దించుకుంటారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'మార్పులు చేయడానికి అనుమతిస్తారా?' అని ఒక బాక్స్ వస్తుంది. అక్కడ 'యస్' నొక్కితే ఆ ప్రోగ్రామ్‌కు సిస్టమ్‌లో చాలా పెద్ద అధికారం ఇచ్చేసినట్టే. అందుకే ఫోన్‌లో చెత్త యాప్ వేసుకోవడం కన్నా కంప్యూటర్‌లో చెత్త సాఫ్ట్‌వేర్ వేసుకోవడం ఎక్కువ ప్రమాదం.

అందరూ మెచ్చుకున్న సాఫ్ట్‌వేర్‌లోనే దొంగ దూరాడు

దీనికి పెద్ద ఉదాహరణ సీక్లీనర్. సిస్టమ్‌లో పేరుకుపోయిన అనవసరమైన ఫైళ్లను తుడిచేసే ఈ సాఫ్ట్‌వేర్‌కు అప్పట్లో మంచి పేరు ఉండేది. 2017లో హ్యాకర్లు దాన్ని తయారు చేసే పిరిఫార్మ్ కంపెనీ సిస్టమ్స్‌లోకి చొరబడ్డారు. 5.33 వెర్షన్‌లో తమ కోడ్ కలిపేశారు. ఆగస్టు 15 నుంచి సెప్టెంబర్ 12 వరకు ఆ ఫైలే కంపెనీ అధికారిక సైట్‌లో ఉంది. దాదాపు 22.7 లక్షల మంది కంప్యూటర్లలోకి అది చేరింది.

ఆ నెల రోజులూ యూజర్లకు ఏ తేడా కనిపించలేదు. సాఫ్ట్‌వేర్ ఎప్పటిలాగే పనిచేసింది. ఫైల్ మీద కంపెనీ డిజిటల్ సంతకం కూడా సరిగ్గానే ఉంది. లోపల మాత్రం కంప్యూటర్ పేరు, అందులో ఏమేం ఇన్‌స్టాల్ అయి ఉన్నాయి లాంటి వివరాలు బయటకు వెళ్లాయి. దీన్ని పట్టుకున్నది యూజర్ల రివ్యూలు కాదు, సైబర్ సెక్యూరిటీ సంస్థల నిపుణులు. ఐదు స్టార్లు ఇచ్చినవాళ్లెవరూ అబద్ధం చెప్పలేదు. వాళ్లకు కనిపించింది చెప్పారంతే.

ఫ్రీ యాంటీవైరస్.. డేటా మాటేంటి?

'ఫ్రీగా వస్తోంది, బాగా పనిచేస్తోంది, ఇంకేం కావాలి?' రివ్యూల్లో తరచూ కనిపించే మాట ఇది. అవాస్ట్ యాంటీవైరస్ కేసు చూస్తే ఇంకేం చూడాలో అర్థమవుతుంది. యూజర్లు ఏ సైట్లు చూస్తున్నారన్న డేటాను ఈ కంపెనీ తన అనుబంధ సంస్థ జంప్‌షాట్ ద్వారా అమ్మిందని 2020 జనవరిలో మీడియా పరిశోధనలో బయటపడింది. అదే నెలలో జంప్‌షాట్‌ను మూసేశారు.

ఆ తర్వాత అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రంగంలోకి దిగింది. ఈ డేటా 100కు పైగా సంస్థలకు చేరిందని ఆరోపించింది. 2024 ఫిబ్రవరిలో 1.65 కోట్ల డాలర్ల చెల్లింపుతో సెటిల్‌మెంట్ ప్రకటించింది. అప్పటి మారకం విలువలో అది సుమారు 137 కోట్ల రూపాయలు. ఆరోపణలతో ఏకీభవించడం లేదంటూనే కంపెనీ సెటిల్‌మెంట్‌కు ఒప్పుకుంది. వైరస్‌లను పట్టడంలో ఆ సాఫ్ట్‌వేర్‌కు మంచి రేటింగ్ ఉండొచ్చు. కానీ డేటా ఎటు పోతోందన్నది పూర్తిగా వేరే ప్రశ్న. దానికి స్టార్లలో సమాధానం దొరకదు.

సాఫ్ట్‌వేర్ మంచిదే.. దించుకున్న చోటే తేడా

చాలామంది పట్టించుకోని పాయింట్ ఇంకొకటి ఉంది. రివ్యూ సాఫ్ట్‌వేర్ గురించి ఉంటుంది, అది ఏ సైట్ నుంచి వస్తోందన్న దాని గురించి కాదు. జింప్ అనేది ఫొటో ఎడిటింగ్‌కు వాడే ఉచిత సాఫ్ట్‌వేర్. 2015లో సోర్స్‌ఫోర్జ్ అనే పేరున్న డౌన్‌లోడ్ సైట్‌లో జింప్ విండోస్ ఇన్‌స్టాలర్‌కు వేరే ప్రోగ్రాముల ప్రకటనలు చుట్టి ఇస్తున్నారని జింప్ టీమ్ అభ్యంతరం చెప్పింది. విమర్శలు రావడంతో ఆ సైట్ వెనక్కి తగ్గింది. 2016లో కొత్త యాజమాన్యం వచ్చాక అలా ప్రకటనలు కలిపే ప్రోగ్రామ్‌నే ఎత్తేసింది. జింప్‌లో ఏ తప్పూ లేదు. సరుకు అదే, చుట్టిన పొట్లమే వేరు.

మన దేశంలోనూ ఇలాంటి చిక్కు వచ్చింది. వీఎల్‌సీ మీడియా ప్లేయర్ తెలియనివాళ్లు తక్కువ. యాడ్స్ ఉండవు, డబ్బులు కట్టక్కర్లేదు, ఏ వీడియో ఇచ్చినా ఆడుతుంది. దీన్ని తయారు చేసే వీడియోలాన్ సంస్థ వెబ్‌సైట్ 2022 ఫిబ్రవరి ప్రాంతం నుంచి ఇండియాలో బ్లాక్ అయింది. సంస్థ లీగల్ నోటీసు ఇచ్చిన తర్వాత అదే ఏడాది నవంబర్‌లో మళ్లీ తెరుచుకుంది. అసలు గుమ్మం మూసి ఉంటే జనం పక్క దారి వెతుక్కుంటారు. అలాంటి టైమ్‌లోనే తెలియని సైట్‌లో కనిపించే 'వీఎల్‌సీ డౌన్‌లోడ్' బటన్ ప్రమాదం. వీఎల్‌సీకి ఉన్న మంచి పేరు ఆ బటన్‌కు వర్తించదు.

తెలుగు టైపింగ్ కోసం వెతికేవాళ్లకూ ఇదే హెచ్చరిక. ఒకప్పుడు చాలామంది వాడిన గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ విండోస్ వెర్షన్‌ను గూగుల్ ఇప్పుడు ఇవ్వడం లేదు. అయినా ఆ పేరుతో ఫైళ్లు వేరే సైట్లలో తిరుగుతూనే ఉన్నాయి. పాత రివ్యూలు చూసి అక్కడి నుంచి దించుకోవాల్సిన పని లేదు. విండోస్ 10 మే 2019 అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ సిస్టమ్‌లోనే ఉంది. సెట్టింగ్స్‌లో లాంగ్వేజ్ దగ్గరకు వెళ్లి తెలుగు యాడ్ చేసి, అందులో ఫొనెటిక్ కీబోర్డ్ ఎంచుకుంటే చాలు.

రివ్యూకూ ఎక్స్‌పైరీ ఉంటుంది

మూడేళ్ల కిందటి రివ్యూ మూడేళ్ల కిందటి వెర్షన్ గురించే చెప్తుంది. 7-జిప్ సంగతే తీసుకుంటే, 1999 నుంచి ఉన్న ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ జిప్ ఫైళ్లు తెరవడానికి బాగా పాపులర్. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లపై విండోస్ ఇచ్చే హెచ్చరికను తప్పించే లోపం ఒకటి ఇందులో దొరికింది. 2024 నవంబర్‌లో వచ్చిన 24.09 వెర్షన్‌లో దాన్ని సరిచేశారు. సమస్య ఏంటంటే ఈ సాఫ్ట్‌వేర్ తనంతట తాను అప్‌డేట్ అవ్వదు. పాత వెర్షన్ వేసుకుని మర్చిపోయినవాళ్ల కంప్యూటర్‌లో ఆ లోపం ఇంకా అలాగే ఉంటుంది. 'సూపర్ సాఫ్ట్‌వేర్' అన్న పాత కామెంట్ దాన్ని ఆపలేదు.

ఫేక్ రివ్యూల గోల

డబ్బులిచ్చి రాయించుకునే రివ్యూలు మరో తలనొప్పి. ఆన్‌లైన్ రివ్యూల సేకరణ, ప్రచురణ ఎలా ఉండాలో చెప్తూ మన దేశంలో 2022 నవంబర్‌లో ఐఎస్ 19000:2022 ప్రమాణం వచ్చింది. మొదట స్వచ్ఛందంగా పాటించాలన్నారు. అమెరికాలో ఫేక్ రివ్యూల కొనుగోలు, అమ్మకాలను నిషేధించే నిబంధన 2024 అక్టోబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. రూల్స్ ఉన్నా, చదివేవాళ్లు జాగ్రత్తగా ఉండక తప్పదు.

రివ్యూలు ఎలా చదవాలి?

రివ్యూలు అసలు పనికిరావని కాదు. చదివే పద్ధతి తెలిస్తే బోలెడు విషయం దొరుకుతుంది.

1. ముందు 'లేటెస్ట్' నొక్కాలి. మొత్తం రేటింగ్ 4.6 ఉన్నా, గత రెండు నెలల్లో అన్నీ ఒక స్టార్ రివ్యూలే వస్తుంటే ఏదో మారిందని అర్థం. ఓనర్ మారి ఉండొచ్చు, యాడ్స్ పెట్టి ఉండొచ్చు, ఫ్రీగా ఉన్న ఫీచర్‌కు డబ్బులు అడుగుతూ ఉండొచ్చు.

2. మూడు స్టార్ల రివ్యూలు వదలొద్దు. ఐదు ఇచ్చేవాళ్లు సంతోషంలో, ఒకటి ఇచ్చేవాళ్లు కోపంలో రాస్తారు. మధ్యలో ఉన్నవాళ్లు మంచి, చెడు రెండూ చెప్తారు.

3. వివరం ఉందా లేదా చూడాలి. 'బెస్ట్ యాప్, మస్ట్ డౌన్‌లోడ్' అంటే ఏమీ తెలియదు. 'విండోస్ 11, 8 జీబీ ర్యామ్, పెద్ద వీడియో ఎక్స్‌పోర్ట్ చేస్తే మధ్యలో ఆగిపోతోంది' అంటే పనికొచ్చే మాట. ఒకే రోజు, ఒకే రకం వాక్యాలతో డజన్ల కొద్దీ పొగడ్తలు కనిపిస్తే అనుమానించాలి.

4. తీసేయడం గురించి ఏమంటున్నారో వెతకాలి. 'అన్‌ఇన్‌స్టాల్ చేసినా పోవడం లేదు', 'బ్రౌజర్ హోమ్ పేజీ మారిపోయింది', 'కార్డు నుంచి ఆటోమేటిక్‌గా డబ్బు కట్ అయింది' అని పదిమంది రాస్తే అది పెద్ద వార్నింగ్.

5. 'యాంటీవైరస్ అడ్డుకుంటే ఆఫ్ చేసి ఇన్‌స్టాల్ చేయండి' అన్న సలహా కనిపిస్తే అక్కడి నుంచి బయటపడటమే మంచిది. క్రాక్, కీజెన్, యాక్టివేటర్ లాంటి పైరసీ ఫైళ్ల దగ్గర ఈ సలహా మామూలే. పాస్‌వర్డ్‌లు దొంగిలించే మాల్‌వేర్ ఎక్కువగా వచ్చే దారుల్లో ఇదొకటి.

ఇన్‌స్టాల్ నొక్కే ముందు..

సెర్చ్‌లో పైన వచ్చే 'స్పాన్సర్డ్' లింక్ నొక్కకుండా, తయారు చేసిన సంస్థ సైట్‌కు లేదా మైక్రోసాఫ్ట్ స్టోర్‌కు వెళ్లాలి. సైట్ అడ్రస్‌లో స్పెల్లింగ్ ఒకటికి రెండుసార్లు చూడాలి. డౌన్‌లోడ్ పేజీలో నాలుగు పచ్చ బటన్లు మెరుస్తుంటే వాటిలో కొన్ని ప్రకటనలే అయి ఉంటాయి.

అనుమతి అడిగే బాక్స్‌లో పబ్లిషర్ పేరు చదవాలి. 'అన్‌నోన్' అని ఉన్న ప్రతిదీ వైరస్ కాదు, చిన్న డెవలపర్ల మంచి సాఫ్ట్‌వేర్‌కూ అలా రావొచ్చు. కానీ పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేర్ అని చెప్పి 'అన్‌నోన్' చూపిస్తే ఆగిపోవాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'కస్టమ్' ఆప్షన్ ఉంటే అదే ఎంచుకుని, అదనపు ప్రోగ్రాముల టిక్కులు తీసేయాలి.

అనుమానం ఉంటే ఫైల్‌ను వైరస్‌టోటల్ సైట్‌లో చెక్ చేసుకోవచ్చు. చాలా యాంటీవైరస్ ఇంజిన్లతో ఒకేసారి పరీక్షిస్తుంది. అయితే అక్కడ పెట్టిన ఫైళ్లు సెక్యూరిటీ సంస్థలకు అందుబాటులోకి వెళ్తాయి. అందుకే ఇన్‌స్టాలర్ పెట్టొచ్చు కానీ సొంత డాక్యుమెంట్లు పెట్టకూడదు.

ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసేస్తే?

తేడాగా అనిపిస్తే ముందు ఇంటర్నెట్ ఆపేయాలి. ప్రోగ్రామ్ తీసేసి, విండోస్ సెక్యూరిటీలో ఫుల్ స్కాన్ చేయాలి. మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లను అదే కంప్యూటర్‌లో కాకుండా వేరే ఫోన్ లేదా సిస్టమ్ నుంచి మార్చాలి. డబ్బులు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబర్‌కు కాల్ చేయాలి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు. బ్యాంకుకు కూడా వెంటనే చెప్పాలి.

చివరిగా ఒక మాట. సాఫ్ట్‌వేర్ వాడినవాళ్లు రెండు వాక్యాలు రాసినా పక్కవాళ్లకు మేలు జరుగుతుంది. ఇన్‌స్టాల్ చేసిన ఐదు నిమిషాలకు కాకుండా నెల రోజులు వాడాక రాస్తే ఇంకా మంచిది. ఏ వెర్షన్, ఏ సిస్టమ్, ఎక్కడి నుంచి దించుకున్నారు, తీసేస్తే పూర్తిగా పోయిందా అన్న నాలుగు ముక్కలు ఉంటే చాలు. ఉత్త ఐదు స్టార్ల కన్నా అది వంద రెట్లు నయం.