ఇంటిలో ఫెలనాప్సిస్ పువ్వు

పండుగలకును, వివాహములకును, పెద్దలను సన్మానించు సభలకును పూలదండకు బదులుగా కుండీతో కూడిన ఆర్కిడు మొక్కను బహూకరించుట ఇటీవల మన పట్టణములలో వాడుకయైనది. అట్టి మొక్కలలో తరచుగా కనబడునది ఫెలనాప్సిస్. వెడల్పైన నాలుగైదు ఆకులు, వాని నడుమనుండి వెడలి విల్లువలె వంగిన కాడ, ఆ కాడపై వరుసగా వ్రాలినట్లుండు తెల్లని లేక ఊదారంగు పూలు దీని లక్షణములు. రాత్రివేళ దీపమునకు వచ్చు చిమ్మటను బోలినది యను నర్థము గల గ్రీకు మాటలను కూర్చి బ్లూమ్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1825వ సంవత్సరమున దీనికి ఈ పేరిడెను. పూచినచో రెండు నెలలకు పైగా వాడక నిలుచును. పిమ్మట పూలు రాలును, ఆకులు ముడుతలు పడును, కొంతకాలమునకు మొక్క మొదలు కుళ్లి చెత్తకుప్ప చేరును. మేము చూచినంతవరకు ఇట్లు నశించిన మొక్కలలో ఎక్కువ భాగము నీరు లేక చచ్చినవి కావు, నీరు ఎక్కువై చచ్చినవి. శ్రద్ధ లేనివారి యింటికంటె శ్రద్ధ మితిమీరినవారి యింటనే ఇది త్వరగా నశించుట వింతగా తోచవచ్చును. ఈ మొక్క పుట్టినచోటు ఎట్టిదో తెలిసికొన్నగాని దీని కారణము బోధపడదు.

ఫెలనాప్సిస్ జాతులు ఫిలిప్పైను దీవులు, జావా, బోర్నియో మొదలగు ఉష్ణప్రదేశపు అడవులలోనివి. మన దేశమున అస్సాము మొదలగు ఈశాన్య ప్రాంతములయందును కొన్ని చిన్న జాతులు కలవు. ఇవి సామాన్యముగా నేలమీద పెరుగవు. పెద్ద వృక్షముల మ్రానులను, కొమ్మలను వేళ్లతో పట్టుకొని, ఆకులు క్రిందికి వ్రేలాడునట్లు పెరుగును. అచట వాన తరచుగా కురియును. కాని కురిసిన నీరు బెరడుమీదుగా జారిపోవును, గాలి వీచినంతనే వేళ్లు ఆరును. తడియుట, ఆరుట, మరల తడియుట దీనికి నిత్యకృత్యము. బురదలో నానియుండుట దానికి తెలియదు.

ఇట్టి జీవనమును చూచుటకు బోర్నియో దాక పోనక్కరలేదు. మన ప్రాంతమున పాత మామిడిచెట్లపైనను, తూర్పుకనుమల యడవులలోను వాండా అను ఆర్కిడు కానవచ్చును. పట్టీలవంటి దళసరి ఆకులు, గోధుమవన్నె గళ్లు గల రేకులు, నీలివన్నె పెదవి దాని గుర్తులు. పదునెనిమిదవ శతాబ్దపు చివర సామర్లకోటలో పనిచేసిన డాక్టరు విలియం రాక్స్‌బర్గు, 1795లో వెలువడిన తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథమున దీనిని చిత్రముతో సహా వర్ణించెను. వాండా యను పేరు సంస్కృతమునందలి వందా శబ్దమే. (ఈ రాక్స్‌బర్గుగారు కూర్చిన కలకత్తా తోట మొక్కల పట్టికను 1814లో శ్రీరామపురపు మిషను ముద్రాలయమున అచ్చొత్తించినవారు విలియం కేరీగారు. కేరీగారికి మొక్కలపై గల ప్రీతి మిషను చరిత్ర చదివినవారికి క్రొత్త సంగతి కాదు.)

మన పల్లెలలో చెట్టుమీద మొలచిన మొక్కనెల్ల బదనిక యనుట కలదు. అందువలన వాండాను గూడ చెట్టురసము త్రాగునదిగా నెంచి కొందరు పెరికివేయుదురు. ఇది సరి కాదు. నిజమైన బదనిక తన వేరును మామిడికొమ్మ లోనికి చొప్పించి అందలి రసమును పీల్చును. దాని వాతబడిన కొమ్మ కృశించును. ఆర్కిడు వేరు బెరడును పట్టుకొనునే గాని లోనికి చొరదు. చెట్టు దానికి కూర్చుండుటకు పీట మాత్రమే.

ఆ వేరును కొంచెము పరిశీలింపవలెను. విద్యార్థులు కంటితో చూచి తెలిసికొనదగిన విషయ మిది. ఎండియున్నపుడు ఫెలనాప్సిస్ వేరు వెండివలె తెల్లగా నుండును. దానిమీద నీరు చల్లినచో చూచుచుండగనే ఆకుపచ్చగా మారును. వేరుచుట్టు జీవము లేని కణములతో కూడిన దూదివంటి పొర యొకటి కలదు. దానికి వెలామెన్ అని పేరు. అది పొడిగా నున్నపుడు కణములనిండ గాలి యుండుటచే తెల్లగా కనబడును. నీరు తగులగనే అద్దుడుకాగితమువలె పీల్చుకొని పారదర్శకమగును, అప్పుడు లోపలి పచ్చదనము బయటికి తోచును. అడవిలో క్షణకాలము పారు వాననీటిని పట్టుకొనుటకై యేర్పడిన సాధన మిది. దీనిని మట్టిలో పాతి దినదినము నీరు పోసినచో గాలి యాడక, ఆ పొర క్రుళ్లి, లోపలి వేరు చచ్చును. వేరు చచ్చిన మొక్కకు నీరు ఎక్కదు, కావున ఆకులు ముడుతలు పడును. ఆ ముడుతలను చూచి దాహమని తలంచి ఇంటివారు మరింత నీరు పోయుదురు.

ఇట్లు పొరబడినది మనమే కాదు. పందొమ్మిదవ శతాబ్దారంభమున ఇంగ్లండునందు ధనవంతులు ఉష్ణదేశముల ఆర్కిడులను ఓడలలో తెప్పించి, అద్దపుటిండ్లను మూసి, లోపల పొయ్యిలు పెట్టి, ఊపిరాడని తడివేడిలో నుంచిరి. ఉష్ణదేశమన్నంతనే ఆవిరిగది యని వారి భావము. మొక్కలు లెక్కకు మిక్కిలిగా నశించినవి. 1830 తరువాతి సంవత్సరములలో చాట్స్‌వర్తునందు డెవన్‌షైరు ప్రభువు తోటను చూచుచుండిన జోసెఫ్ పాక్స్‌టన్, కిటికీలు తెరచి గాలి యాడనిచ్చి, వేడిని తగ్గించి వానిని బ్రదికించెను.

కావున మొదటి పని మొక్కను మట్టిలో నాటకుండుట. చెట్టుబెరడు ముక్కలు, కట్టెబొగ్గు, కుండపెంకులు, బాగుగా నానబెట్టి కడిగిన కొబ్బరిడొక్కు ముక్కలు కలిపి కుండీ నింపవలెను. ముక్కలు ఉసిరికాయంత యుండిన చాలును. కుండీకి అడుగునను ప్రక్కలను రంధ్రము లుండవలెను. లోపలిది కనబడు ప్లాస్టికు కుండీ యైనచో వేళ్ల రంగును చూచి నీరు పోయుట సులభము: వేళ్లు వెండివన్నెగా నున్న పోయవలెను, పచ్చగా నున్న ఆగవలెను. ఇన్ని దినముల కొకసారి యని మేము చెప్పజాలము. వడగాడ్పుల దినములలో రెండు మూడు దినములకే వేళ్లు ఆరును, శ్రావణపు ముసురులో పది దినములకును ఆరకపోవచ్చును. పోయునపుడు అడుగునుండి కారిపోవునట్లు నిండుగ పోసి, క్రింది పళ్లెములో నిలిచిన నీటిని పారబోయవలెను. ఉప్పు గల బోరునీటికంటె పట్టియుంచిన వాననీరు శ్రేష్ఠము.

నీరు ఉదయమున పోయవలెను. అడవిలో ఈ మొక్క తలక్రిందుగనో, ప్రక్కకో వాలియుండుటచే ఆకుల నడుమ నీరు నిలువదు. కుండీలో నిటారుగా నిలిపినందున నడినెత్తిని గిన్నెవలె నీరు నిలుచును. ఫెలనాప్సిస్‌కు పెరుగు మొగ్గ యొక్కటే, అది ఆకుల నడుమనే యుండును. ఒక రాత్రి అందు నీరు నిలిచి కుళ్లు పట్టినచో ఆ మొక్క ఇక పైకి పెరుగదు. పొరబాటున నీరు పడినచో దూదితో నద్ది తీసివేయవలెను. పని చిన్నదే యైనను మొక్క ప్రాణము దీనిమీద నున్నది.

వెలుతురు విషయమున తూర్పు కిటికీ మేలు. లేతయెండ కొంచెము తగిలిన బాధ లేదు, పది గంటల తరువాతి యెండ ఆకులను కాల్చును. ఆకులు మిక్కిలి ముదురు పచ్చగా మారినచో వెలుతురు చాలలేదనియు, పసుపు తిరిగి అంచులు ఎఱ్ఱబారినచో ఎక్కువైనదనియు గ్రహింపవలెను. రాయలసీమ, తెలంగాణములలో వేసవిగాలి మిక్కిలి పొడిగా నుండును. అట్టిచోట వెడల్పు పళ్లెములో గులకరాళ్లు పరచి నీరు పోసి, కుండీ అడుగు నీటికి తగులకుండ రాళ్లపై నుంచినచో కొంత మేలు. ఎరువును పొట్లముపై వ్రాసినదానిలో నాలుగవవంతు బలముతో పదునైదు దినముల కొకసారి వేసిన చాలును. ఆకుల సందులలో తెల్లని పిండినల్లి చేరినచో స్పిరిటులో తడిపిన దూదితో తుడువవలెను.

ఇంతవరకు చేసినచో మొక్క బ్రదుకును. కాని పూయునా? ఏండ్ల తరబడి పచ్చగా పెరిగియు మరల కాడ వేయని మొక్కలు చాల యిండ్లలో కలవు. అసలు కష్ట మిచట నున్నది. ఫెలనాప్సిస్ పూకాడ వేయుటకు చల్లదనము కావలెను. గాలి వేడి 26 సెంటీగ్రేడు డిగ్రీలకు లోబడి కొన్ని వారములు వరుసగా నుండినచో ఆకు మొదట నిద్రించుచున్న మొగ్గ మేల్కొని కాడయగును. 28 డిగ్రీలకు పైబడి యెడతెగక యుండినచో కాడకు బదులు ఆకులే వచ్చును. మదనపల్లె, అరకు వంటి ఎత్తైనచోటులవారికి ఇది సులభము. కోస్తా పట్టణములవారికి మార్గశిర పుష్యమాసములు తప్ప వేరు తరుణము లేదు. ఆ దినములలో పగలు ఇంటిలో నెల్ల చల్లనైన చోట నుంచి, రాత్రి తెరచిన కిటికీయొద్దకో, మంచు నేరుగా పడని వసారాలోనికో మార్చవలెను. ఈ మొక్క తక్కిన చాల మొక్కలవలె గాక, నీటిని పొదుపు చేయుటకై ఆకురంధ్రములను రాత్రివేళ తెరచి బొగ్గుపులుసువాయువును గైకొనును. కావున మూసిన గదిలో నుక్కపోతగా గడపిన రాత్రి దానికి అన్నివిధముల నష్టమే.

జనవరిలో కాడ తల యెత్తినచో ఈస్టరు నాటికి పూలు చూడవచ్చును. కాడ వేరువలెనే పుట్టును, గాని కొన చేతివ్రేలి తొడుగువలె చదునుగా నుండును. అది కనబడిన పిదప కుండీని త్రిప్పరాదు. వెలుతురు వైపునకు వంగిన కాడ త్రిప్పినకొలది వంకరలు పోవును.

మొగ్గలు విచ్చు కాలమున మన దేశమున మరియొక యాపద కలదు. మామిడిపండ్లు! మాగవేసిన కాయలనుండి ఎథిలీను అను వాయువు వెలువడును. కాయను పండజేయునది యదియే. ఆ వాయువు తగిలినచో ఫెలనాప్సిస్ మొగ్గలు పసుపుబారి రాలును, విచ్చిన పూలు ఒకటి రెండు దినములలో వాడును. గడ్డిలో మామిడికాయలు మాగు గదిలో గాని, అరటిగెల వ్రేలాడు చోట గాని దీని నుంచరాదు. కారణము తెలియక దిష్టి తగిలినదని చెప్పుకొన్నవారిని మే మెరుగుదుము.

మొక్కను కొనువారికి ఒక సంగతి. ఆర్కిడు విత్తనము ధూళివంటిది, అందు మొలకకు తగిన ఆహారము నిలువ యుండదు. అడవిలో ఒకవిధమగు బూజు దానికి ఆహార మందించినగాని మొలవదు. ఈ సంబంధమును ఫ్రాన్సుదేశీయుడగు నోయెల్ బెర్నార్డు 1899లో కనుగొనెను. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ చక్కెర కలిపిన అగరుమీద బూజు లేకయే సీసాలలో విత్తనములను మొలిపించు విధానమును ప్రకటించెను. అంతకుముందు కావలసిన మొక్కలలో చాలభాగము అడవులను దోచి తెచ్చినవే. నేడు అంగళ్లలోని ఫెలనాప్సిస్ మొక్కలు ప్రయోగశాలల సీసాలలో పుట్టినవి, వానిని కొన్నందున ఏ యడవికిని నష్టము లేదు. కాని సంతలలో గోనెసంచులలో తెచ్చి యమ్ము వాండాలు అట్టివి కావు. ఆర్కిడు కుటుంబ మంతయు 1975 నుండి అమలులోనున్న అంతర్జాతీయ వ్యాపార నియమముల రక్షణలో నున్నది. తోటమామిడిపై నున్న వాండాను అచటనే యుండనిచ్చి, పూచినపుడు పోయి చూచుట మంచిది.

పూలన్నియు రాలిన పిమ్మట, ఆకులు బలముగా నుండినచో కాడను క్రిందినుండి మూడవ కణుపునకు పైగా శుభ్రమైన కత్తితో కోయవచ్చును. ఆ కణుపునుండి ఒక్కొక్కపుడు చిన్నకొమ్మ వెడలి మరల కొన్ని పూలు పూయును. ఆకులు రెండు మూడే యుండి నీరసించియుండినచో మొదటికే కోసి మొక్కకు విశ్రాంతి నీయవలెను. రెండేండ్ల కొకసారి, తొలకరి వానలు పడి యెండ తగ్గిన పిదప, పాత బెరడు ముక్కలను తీసివైచి, మెత్తబడిన నల్లని వేళ్లను కత్తిరించి, క్రొత్త ముక్కలతో కుండీ నింపవలెను. గట్టిగా తెల్లగా నున్న వేళ్లు కుండీ వెలుపలికి ప్రాకియున్నచో వానిని లోనికి త్రోయ బ్రయత్నింపక, గాలిలోనే యుండనీయవలెను.