నీళ్లలో కూర్చుంటే మూత్రం ఎందుకొస్తుంది? ఒంట్లో నీరు సరిపడా ఉన్నట్టేనా?

మే నెలలో భిలాయ్‌లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఉక్కు కర్మాగారంలోని బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వచ్చే ఇనుము వేడి దాదాపు 1,500 డిగ్రీలు. అక్కడ షిఫ్టు ముగించుకున్నవారికి చెరువులోనో, శివనాథ్ నదిలోనో మెడలోతు నీళ్లలో కూర్చుంటే ప్రాణం లేచొస్తుంది. కాసేపటికి మూత్రం వస్తుంది. 'ఒంట్లో నీళ్లు బాగానే ఉన్నాయి' అనుకుంటే మాత్రం పొరపాటే.

షిఫ్టులో ఏం జరుగుతుంది?

చెమటతో నీరు, ఉప్పు పోయి రక్తం చిక్కబడుతుంది. దాన్ని మెదడు పసిగట్టగానే పిట్యూటరీ గ్రంథి నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. నీటిని వదలొద్దని అది కిడ్నీలకు చెబుతుంది. ఆల్డోస్టెరాన్ అనే మరో హార్మోన్ ఉప్పును పట్టి ఉంచుతుంది. అందుకే మూత్రం తక్కువగా, ముదురు పసుపు రంగులో వస్తుంది.

నీళ్లలో దిగితే?

నీటి ఒత్తిడికి కాళ్లలోని రక్తం ఛాతీవైపు వెళుతుంది. మెడలోతు నీళ్లలో ఇది సుమారు 700 మిల్లీలీటర్లు ఉంటుందని అంచనా. దాంతో గుండె పైగదులు సాగుతాయి. ఒంట్లో రక్తం పెరగలేదు, చోటు మారిందంతే. కానీ శరీరం దాన్ని 'రక్తం ఎక్కువైంది' అని అర్థం చేసుకుంటుంది. గుండె ఏఎన్‌పీ అనే హార్మోన్‌ను వదులుతుంది. ఉప్పును, దాంతోపాటు నీటిని బయటకు పంపడం దీని పని. కెనడాలో డి బోల్డ్ బృందం 1981లో దీని ప్రభావాన్ని బయటపెట్టింది. అదే సమయంలో వాసోప్రెసిన్, ఆల్డోస్టెరాన్ తగ్గుతాయి. నీళ్లు చల్లగా ఉంటే చర్మంలోని రక్తనాళాలు కుంచించుకుపోయి, ఈ ప్రభావం ఇంకా పెరుగుతుంది.

భారరహిత స్థితిలోనూ రక్తం ఇలాగే ఛాతీవైపు చేరుతుంది. అందుకే వ్యోమగాముల శరీరంలో వచ్చే మార్పులను అర్థం చేసుకోవడానికి శాస్త్రవేత్తలు మనుషులను గంటల తరబడి నీళ్లలో కూర్చోబెట్టి పరిశీలించారు.

అప్పటికే ఒళ్లు ఎండిపోయి ఉంటే?

వాసోప్రెసిన్ అంత తేలిగ్గా తగ్గదు కాబట్టి మూత్రం కొంత తక్కువే వస్తుంది. కానీ ఉప్పు పోవడం ఆగదు. పైగా నీళ్లలో ఉన్నంతసేపూ దాహం అంతగా తెలియదు. ఒడ్డుకు రాగానే రక్తం మళ్లీ కాళ్లలోకి దిగుతుంది. అప్పుడే కళ్లు తిరిగే ప్రమాదం ఉంది.

ఏం చేయాలి?

నీళ్లలో దిగే ముందే తాగాలి. ఉప్పు వేసిన మజ్జిగైతే మంచిది. మన చద్దన్నంలాగే ఛత్తీస్‌గఢ్ కష్టజీవులు వేసవిలో తినే బోరే బాసీ కూడా నీటిని, కలుపుకున్న ఉప్పును అందిస్తుంది. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ఉప్పు విషయంలో డాక్టర్‌ను అడగాలి. ఒడ్డుకు వచ్చేటప్పుడు మెల్లగా లేవాలి. ఒంట్లో నీరు ఎంతుందో తెలియాలంటే నీళ్లలో దిగకముందు వచ్చిన మూత్రం రంగే చూసుకోవాలి.