చలి పొద్దులు.. వేడినీళ్లు.. బీదర్ ప్రయాణం

చలికాలంలో మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది అబ్బా. ఫజర్ అజానుకు ఇంకా ముప్పావు గంట ఉందనగానే పెరట్లోకి వెళ్లి రాగి బాయిలర్ గొట్టంలో బూడిద దులిపి, రెండు కొబ్బరి చిప్పలు, గుప్పెడు బొగ్గులు వేసి వెలిగించేవారు. పొగ వాసన కిటికీలోంచి మా మంచాల దాకా వచ్చేది. "లేవండి, నీళ్లు కాగాయి" అనే ఒక్క మాట తప్ప నమాజు గురించి ఆయన మమ్మల్ని ఏనాడూ గద్దించలేదు. మొదటి లోటా నీళ్లు అమ్మీకి, తర్వాత మాకు, చివరికి ఆయనకు. ముప్పై ఏళ్లకు పైగా ఇదే వరుస.

అబ్బా గత ఏడాది ఆగస్టులో అల్లాహ్ పిలుపు అందుకున్నారు. అమ్మీ ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు ముగిసేసరికి డిసెంబరు నెల నడుస్తోంది. గడువు తీరింది కనుక బయటికి వెళ్లవచ్చు, బంధువుల ఇళ్లకు పోవచ్చు. కానీ ఆమె గడప దాటలేదు. పక్క వీధిలో ఉన్న చెల్లెలి ఇంటికి రమ్మన్నా "రేపు చూద్దాం" అనేది. బాయిలర్ ఎవరూ ముట్టుకోలేదు. మేము తెలివైన పని చేశామనుకుని స్నానాల గదిలో గీజరు పెట్టించాం. అమ్మీ ఆ కుళాయి తిప్పనే లేదు. పెరట్లో తొట్టి నీళ్లతోనే, ఎముకలు కొరికే చలిలో, వజూ చేసుకునేది. పదిహేను రోజుల్లో మడమలు పగిలి రక్తం వచ్చింది, మోకాళ్లు వాచాయి.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. చలిలో కష్టమనిపించినా వజూ సంపూర్ణంగా చేసేవారిని దైవప్రవక్త (స) మెచ్చుకున్న సంగతి హదీసుల్లో ఉంది. దాన్ని మన పెద్దలు కొందరు చన్నీళ్లతోనే చేయాలన్నట్టు అర్థం చేసుకుంటారు. వేడినీళ్లు దొరుకుతుంటే వాటిని కాదని ఒంటిని బాధపెట్టుకోమని ఎవరూ చెప్పలేదు. పైగా తోలు మేజోళ్లు, అంటే ఖుఫ్ఫైన్, వజూతో తొడుక్కుంటే ఆ తర్వాతి వజూల్లో కాళ్లు కడగకుండా తడిచేత్తో పైన మసహ్ చేసుకునే వెసులుబాటు ఉంది. ఇంటి పట్టున ఉన్నవారికి ఒక పగలు ఒక రాత్రి, ప్రయాణికులకు మూడు పగళ్లు మూడు రాత్రులు. మామూలు పల్చటి గుడ్డ మేజోళ్ల విషయంలో ఉలమాల మధ్య భేదం ఉంది కాబట్టి మీ మసీదు ఇమాముగారిని అడగండి. వయసు మళ్లిన తల్లిదండ్రులున్న ఇళ్లలో ఒక జత తోలు మేజోళ్లు ఉండటం చాలా అవసరం. మేమూ ఒక జత తెచ్చాం. అమ్మీ వాటిని అలమారులో పెట్టేసింది!

చివరికి పని చక్కబెట్టింది మా తమ్ముడు, అదీ చేతకానితనంతో. ఒక పొద్దున లేచి బాయిలర్ వెలిగించబోయాడు. బూడిద తియ్యకుండా బొగ్గులు కుక్కి, కిరోసిన్ గుడ్డ అంటించాడు. ఇల్లంతా పొగ. మేమంతా దగ్గుతూ బయటికి వస్తే, అమ్మీ అప్పటికే అక్కడ నిలబడి ఉంది. "అలా కాదురా, ముందు కింద బూడిద తియ్యి. గాలి ఆడాలి" అని తానే కూర్చుని చేసి చూపించింది. తెల్లవారుజామున ఆమె నోటివెంట అన్ని మాటలు రావడం నాలుగు నెలల్లో అదే మొదటిసారి. ఆ రోజు వేడినీళ్లతో వజూ చేసుకుంది. గీజరు ఇప్పుడు పిల్లల స్నానాలకు మాత్రమే.

తర్వాత రజాయీల సంగతి. మన దూదేకుల సోదరులు, నూర్ బాషాలని కూడా అంటాం, చలికాలం ముందర భుజాన పెద్ద విల్లు వేసుకుని వీధుల్లోకి వచ్చేవారు. నారి టంగుమని మోగుతుంటే పిల్లలం చుట్టూ చేరేవాళ్లం. గట్టిపడిన పాత దూది ఆ నారి తగిలి పొగమంచులా లేచేది. ఇప్పుడు చాలాచోట్ల ఆ పని మోటారు మిషన్ల మీద జరుగుతోంది, విల్లు కనిపించడం అరుదు. అబ్బా కప్పుకున్న రజాయీ ముద్దకట్టి ఉంటే ఏకించడానికి పంపాం. కొత్త దూది వేస్తే బాగుంటుందని కొట్టతను అన్నాడు. అమ్మీ ఒప్పుకోలేదు. "దూది అదే ఉండాలి, గలీబు మార్చండి" అంది. పాత దూదే మళ్లీ పొంగి వచ్చింది. ఏడేళ్ల మనవరాలు అది కప్పుకుని, నానీ పక్కనే పడుకుంటానని పంతం పట్టి, తన మంచం వదిలేసింది.

డిసెంబరు, జనవరి నెలల్లో పగలు చిన్నది. హైదరాబాదులో పన్నెండున్నర గంటల లోపే ఉపవాసం పూర్తవుతుంది, దాహమూ ఉండదు. తప్పిపోయిన రమజాన్ రోజాల ఖజా తీర్చుకోవడానికి మన ఇళ్లలో ఆడవాళ్లు ఈ రోజులనే ఎంచుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. అమ్మీకి జబ్బు వల్ల ఆరు రోజాలు బాకీ ఉన్నాయి. ఒంటరిగా సహరీకి లేవడం ఎందుకని కోడళ్లూ తమ బాకీలు లెక్కపెట్టుకుని కూర్చున్నారు. వంటింట్లో నాలుగున్నరకే దీపం వెలిగింది. ఖిచిడీ, ఖట్టా, కాస్త ఖీమా. 1997 నుంచి 2000 వరకు రమజాన్ వరుసగా చలికాలంలోనే మొదలైన సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. చాంద్రమాన సంవత్సరం పదకొండు రోజులు చిన్నది కనుక నెల వెనక్కి జరుగుతూ వస్తుంది. లెక్క ప్రకారం 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరోసారి రమజాన్ మొదలవుతుంది. "అప్పటికి నేనుంటానో లేదో" అంది అమ్మీ. ఎవరమూ ఏమీ అనలేదు. చిన్న కోడలు మాత్రం ఆమె పళ్లెంలో ఇంకో గరిటె ఖట్టా వేసింది.

శుక్రవారం పూట అబ్బా అత్తరు సీసాలు తీసేవారు. ఎండాకాలం ఖస్, చలికాలం హినా లేదా శమామా. ఇంత దూది చుట్టి చెవి మడతలో పెట్టుకుని జుమాకు బయల్దేరేవారు. ఆ సీసాలు ఇప్పుడు తమ్ముడి చేతికి వచ్చాయి.

ఇక ఆదివారం షికార్ల విషయానికి వద్దాం. మన ఇళ్లలో షికారంటే మగవాళ్లకు విశ్రాంతి, ఆడవాళ్లకు రెట్టింపు చాకిరీ. తెల్లవారుజామున మూడింటికి లేచి బిర్యానీ దమ్ముకు పెట్టి, గిన్నెలు మూటకట్టి, అక్కడ వడ్డించి, తిరిగొచ్చి అవే గిన్నెలు తోముకోవాలి. ఇది సరదా ఎలా అవుతుంది? మేము ఈసారి ఒక షరతు పెట్టుకున్నాం. ఇంటినుంచి మంచినీళ్లు, ఫ్లాస్కులో చాయ్ తప్ప ఏమీ తీసుకెళ్లకూడదు. హైదరాబాదు వారికి దగ్గరలో వికారాబాదు అనంతగిరి కొండలున్నాయి, మూసీ నది పుట్టేది అక్కడే. రాయలసీమ వారికి మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్, గండికోట, ఉత్తరాంధ్ర వారికి అరకు, లంబసింగి ఉన్నాయి. మేము బీదర్ ఎంచుకున్నాం. తీసుకెళ్తానని అబ్బా ఎన్నో ఏళ్లుగా అంటూ వచ్చిన ఊరది. అమ్మీని ఒప్పించడానికి వారం పట్టింది.

ఫజర్ నమాజు కాగానే అద్దె వ్యానులో బయల్దేరి పటాన్‌చెరు, సంగారెడ్డి, జహీరాబాద్ మీదుగా వెళ్లాం. దూరం నూట నలభై కిలోమీటర్ల దాకా ఉంటుంది. జహీరాబాద్ దగ్గర చెరకు తోటల మీద మంచు ఇంకా విడలేదు. 1956 వరకు బీదర్ కూడా మన పాత హైదరాబాదు రాష్ట్రంలోదే. అంగళ్లలో తెలుగు, కన్నడ, మరాఠీ, దక్కనీ కలిసి వినిపిస్తాయి. ఎర్రమట్టి పీఠభూమి, సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైగా ఎత్తు. గాలి చల్లగా ఉన్నా ఎండ హాయిగా ఉంది.

మహమూద్ గవాన్ మదరసా ముందు అమ్మీ చాలాసేపు నిలబడింది. ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చి బహమనీ సుల్తానులకు వజీరైన మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మూడంతస్తుల విద్యాలయమది. దొంగ ఉత్తరం సృష్టించి ద్రోహి అని నమ్మిస్తే, సుల్తాను 1481లో ఆయన్ను చంపించాడు. ఔరంగజేబు కాలంలో జరిగిన పేలుడులో భవనం కొంత కూలింది. రెండు మీనార్లలో ఒకటే మిగిలింది. దానిమీద రంగు పలకలు అక్కడక్కడా ఇంకా మెరుస్తున్నాయి. ఐదో తరగతితో చదువు ఆపేసిన అమ్మీ ఆ గదుల్లోకి తొంగిచూసి, "ఇక్కడ కూర్చుని చదివేవాళ్లా!" అంది.

కోటలో సోలా ఖంబా మసీదు చూసి, తోటలో ఒక మూల దుప్పటి పరిచి జుహర్ చదువుకున్నాం. ప్రయాణికులం గనుక నాలుగు రకాతుల ఫర్జ్ బదులు రెండే. అమ్మీ కాళ్లకు తోలు మేజోళ్లున్నాయి. ఎప్పుడు తీసి తొడుక్కుందో మాకు తెలియదు. పూటకూళ్లింట్లో భోజనం చేశాం. కారం ఎక్కువ, కూర చల్లగా ఉంది. అయినా గిన్నెలు తోమే పని లేదని కోడళ్లు ఎంతో సంబరపడ్డారు.

తిరుగు ముఖం పట్టేముందు బిద్రీ పనివారి దుకాణంలో ఆగాం. జింకు, రాగి కలిపి పోతపోసి, నగిషీ చెక్కి, గాడుల్లో వెండి తీగ కొడతారు. తర్వాత కోట పాత గోడల మట్టిని నవాసాగరంతో కలిపి మరిగించి అందులో ముంచితే లోహం కారునలుపు తిరుగుతుంది, వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది. పనివాడు ఒక పళ్లెం మీద ఇదంతా మాకు చూపిస్తుంటే అమ్మీ పర్సు తెరిచి, చిన్న గుడ్డ మూట విప్పింది. అందులో నాలుగు బిద్రీ బొత్తాలు. అబ్బా పెళ్లి షేర్వానీవి. ఐదోది ఎప్పుడో పోయిందట. ఈ సంగతి మాకెవరికీ తెలియదు. బీదర్ అనగానే వారం రోజులు వద్దు వద్దన్న మనిషి, పర్సులో ఇవి పెట్టుకుని వచ్చింది.

పనివాడు బొత్తాన్ని వెలుతురుకు పెట్టి చూసి, అదే పువ్వు దించగలనని, మూడు వారాలు పడుతుందని అన్నాడు. కొరియరులో పంపిస్తానని కూడా అన్నాడు. "వద్దు బేటా, నేనే వచ్చి తీసుకుంటాను" అంది అమ్మీ. వ్యాను ఎక్కాక, వచ్చే నెల మొదటి ఆదివారం నీకు ఖాళీయేనా అని తమ్ముణ్ణి అడిగింది.