పంచామృతంలోని తీపి

పాలు, పెరుగు, నెయ్యి, తేనె, చక్కెర - ఈ అయిదింటి కలయికను పెద్దలు పంచామృతమని పేర్కొన్నారు. వీటిలో మొదటి మూడూ పాల నుండి లభించేవి. తక్కిన రెండూ మధుర పదార్థాలు. దేవతార్చనలో ఈ పంచామృతాన్ని ఉద్ధరిణెడు మాత్రమే తీర్థంగా స్వీకరించడం ఆచారం. అమృతతుల్యమైన ఆహారానికైనా మితం అవసరమని ఆధునిక పోషకాహార శాస్త్రం కూడా చెబుతున్నది.

ఆవుపాలలో సుమారు 87 శాతం నీరు ఉంటుంది. మిగిలిన భాగంలో మాంసకృత్తులు, కొవ్వు, పాలచక్కెర, ఖనిజ లవణాలు ఉంటాయి. 100 గ్రాముల పాల నుండి దాదాపు 120 మిల్లీగ్రాముల కాల్షియం లభిస్తుంది. ఎముకల పుష్టికి, దంతాల దార్ఢ్యానికి ఇది ఎంతో అవసరం. శాకాహారులకు బి12 విటమిన్‌ను అందించే ముఖ్యాధారం కూడా పాలే. అయితే పాలలో ఇనుము అత్యల్పం. ఆరు నెలల వరకు శిశువుకు తల్లిపాలే చాలు. ఆ తరువాత ఇతర ఆహారం అలవాటు చేయక, ఎక్కువగా ఆవుపాలతోనో గేదెపాలతోనో పెంచితే బిడ్డ బొద్దుగా కనిపించినా రక్తహీనతకు గురికావచ్చు.

పాలలోని సహజమైన తీపికి కారణం లాక్టోజ్ అనే చక్కెర. చిన్నప్రేగులోని లాక్టేజ్ అనే ఎంజైము దీనిని గ్లూకోజ్‌గా, గాలక్టోజ్‌గా విడగొడుతుంది. శైశవంలో పుష్కలంగా ఉండే ఈ ఎంజైము చాలామందిలో వయసుతోపాటు తగ్గిపోతుంది. అప్పుడు జీర్ణం కాని లాక్టోజ్ పెద్దప్రేగును చేరి, అక్కడి సూక్ష్మజీవుల వలన పులిసి, కడుపు ఉబ్బరాన్ని, విరేచనాలను కలిగిస్తుంది. ఇటువంటివారు పాల పోషకాలను పూర్తిగా వదులుకోవలసిన పనిలేదు. పాలు తోడుకొన్నప్పుడు లాక్టోజ్‌లో కొంతభాగం ఆమ్లంగా మారుతుంది. అందువలన పాలు సరిపడనివారిలో పలువురికి పెరుగు, మజ్జిగ సరిపడతాయి.

ఇక తీపి విషయానికి వస్తే, 'శర్కర' అనే సంస్కృత పదానికి ఇసుక, గులకరాయి అని కూడా అర్థాలున్నాయి. పలుకులుగా ఉండే చక్కెరకు ఆ పేరు తగినదే. ఈ పదమే పారశీక, అరబ్బీ భాషల మీదుగా ప్రయాణించి ఆంగ్లంలో 'షుగర్' అయింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెరల వినియోగంపై మార్గదర్శకాలను ప్రకటించింది. ఆహారంలో కలిపే చక్కెరతోపాటు తేనెలో, పండ్ల రసాలలో ఉండే చక్కెరలను కూడా తగ్గించుకోవాలని సూచించింది. పాలలోను, పండులోను సహజంగా ఉండే చక్కెరలకు ఈ పరిమితి లేదు. పండును నమిలి తిన్నప్పుడు అందులోని పీచు వలన చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. రసం తీసి వడగట్టినప్పుడు ఆ పీచు పోతుంది. పైగా మూడు నాలుగు పండ్ల చక్కెర ఒకే గుక్కలో లోపలికి వెళుతుంది.

రోజుకు 2,000 కేలరీల ఆహారం తీసుకొనేవారికి ఇటువంటి చక్కెరలు 50 గ్రాములకు మించరాదని, 25 గ్రాములలోపు ఉంటే మరింత మేలని ఆ సంస్థ సూచన. చిన్న చెంచాడు చక్కెర సుమారు 4 గ్రాములు. రెండేసి చెంచాల చొప్పున మూడు కప్పుల కాఫీ తాగితే 24 గ్రాములు పూర్తవుతాయి. మిఠాయిలు, శీతల పానీయాలు దీనికి అదనం.

బెల్లం, తేనె సహజమైనవి కనుక మధుమేహులకు హాని చేయవనే నమ్మకం ప్రమాదకరమైనది. బెల్లంలో ఖనిజాలు కొద్దిగా ఉన్నా అధికభాగం చక్కెరే. తేనెలోని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లు కూడా రక్తంలోని చక్కెరను పెంచుతాయి. పుట్టిన బిడ్డకు తేనె నాకించే ఆచారం మరింత అపాయకరం. తేనెలో ఉండగల ఒకరకం సూక్ష్మజీవి బీజాలు పసిప్రేగులలో విషాన్ని పుట్టించి ప్రాణాంతకం కావచ్చు. అందుచేత ఏడాది నిండేవరకు తేనె ఇవ్వరాదని వైద్యులు హెచ్చరిస్తున్నారు.

ఒక పదార్థం ప్రకృతి సిద్ధమైనంత మాత్రాన అందరికీ, అన్ని వేళలా హితం కాజాలదు. తినేవారి వయసు, ఆరోగ్యస్థితి, తినే పరిమాణం - ఈ మూడింటిని గమనించి స్వీకరించినప్పుడే అమృతం అమృతమవుతుంది.