మీబొర: సముద్రజలపు పైపొరను గ్రహించు యంత్రము

విజ్ఞాన విషయములను తెలుగున వ్రాయబూనినవారికి మొదట అడ్డు తగులునది పారిభాషిక పదమని పలువురందురు. మా అభిప్రాయము వేరు. వస్తువు పనితీరు తెలిసినచో పదము తానే దొరకును. ఇందులకు సముద్రపు పైపొరను సేకరించు యంత్రమును ఉదాహరణముగా గ్రహింతము. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములకు సముద్రము దూరమే. ఐనను హిందూపురపు సీమలో ఆంధ్రప్రదేశమున అడుగిడు పెన్నేరు నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతమును చేరుచున్నది.

గాలికిని నీటికిని నడుమ, ఒక మిల్లీమీటరునకు మించని మందముతో, ఒక పొర కలదు. జిడ్డు పదార్థములు, మాంసకృత్తులు, పురుగుమందులు, కొన్ని లోహములు క్రింది నీటిలోకంటె ఇందు తరచుగా అధికముగా నుండును. కారణము ధర్మవరపు పట్టు పనివారికి క్రొత్త కాదు. పట్టునూలు జిగురు వీడుటకై సబ్బునీట ఉడికింతురు గదా! సబ్బు అణువునకు ఒక కొన నీటిని కోరును, వేరొక కొన రోయును. రోయు కొన గాలివైపు తిరుగుటచే సబ్బు నీటిమీద గుమిగూడును. సముద్రజీవుల నుండి పుట్టు పదార్థములు పెక్కింటికి ఇదే స్వభావము. వాయువులు సముద్రమున ప్రవేశించుటయు వెడలుటయు ఈ పొర గుండనే కావున దీని నెరుగుట అవసరము.

పట్టుట యెట్లు? పది సెంటీమీటర్ల లోతు గల చెంబును ముంచితి మనుకొందము. పొర మందము 0.05 మిల్లీమీటరైనచో చెంబెడు నీటిలో దాని పాలు రెండువేలవ వంతు మాత్రమే. మీగడను గరిటెతో తీయునపుడు పాలును వెంటవచ్చుట ఇంటింట తెలిసినదే. ఇచటి చిక్కు అదియే, కాని మిక్కిలి సూక్ష్మము.

1965లో గారెట్ లోహపు వల తెరను నీటికి ఆనించి ఎత్తెను. 1966లో హార్వే తిరుగు పీపాను వాడెను. 1972లో హార్వే, బర్జెల్ గాజుపలకను నిలువుగా ముంచి, మెల్లగా పైకి తీసి, అంటిన తడిని గీచి పట్టిరి. ఒక సీసా నిండుటకు ఎన్ని మునుకలో! జర్మనీలోని ఓల్డెన్‌బుర్గ్ విశ్వవిద్యాలయమువారు 2017లో వర్ణించిన జంట పడవలో ఆ పలకయే తిరుగు గాజుబిళ్ళలైనది. పెద్ద ఓడ పైపొరను చెదరగొట్టును, తన నూనెతో మలినము చేయును. కావున ఈ చిన్న పడవను మనిషి లేకయే దూరము నుండి నడుపుదురు. బిళ్ళల కంటి వచ్చిన పొరను బద్దలు గీచును. పంపు దానిని కొలుచు సాధనములకును సీసాలకును చేర్చును. అదే వేళ వేరొక గొట్టము ఒక మీటరు లోతు నీటిని తెచ్చును. రెండింటిని పోల్చినగాని పైపొరలోని ఆధిక్యము తేలదు. మా దృష్టిలో యంత్రమునకు ప్రాణమిదియే.

ఇక పదము. 'సముద్రోపరితల సూక్ష్మస్తరము' అనవచ్చును. తప్పు లేదు, కాని తరగతిలో దీనిని పలికి ముగించులోపల పొర చెదరిపోవును! 'తెట్టు' కంటికి కనబడునది. ఈ పొర తరచు కనబడదు. మీగడ, మీగాలు అను మాటలలో 'మీ' పై భాగమును తెలుపును. మీదు, కాలు కలిసి 'మీగాలు' అయినట్లే మీదు, పొర కలిసి 'మీబొర' యగును. 'మీపొర' అనినను తెలియును గాని సంధి కార్యము చేసిన రూపమే చెవికి ఇంపు.

పెనుకొండ చెరువునకును మీబొర కలదు. గాజుపలక, రబ్బరు బద్ద, శుభ్రమైన సీసా ఉన్నచో రసాయనశాఖవారి తోడ్పాటుతో మన విద్యార్థులు దానిని తీయవచ్చును. ఆ పనిలో వారి నోట వెలువడు మాటలను వ్రాసికొనుట మన శాఖ వంతు.