త్రైరాశికము: పసుపు రాశి, నక్షత్ర రాశి

త్రైరాశికమను పదమునందలి "రాశి" శబ్దమునకు తెలుగున మూడర్థములు ప్రసిద్ధములు: పరిమాణము, కుప్ప, మేషాది ఖగోళవిభాగము. ఈ మూడింటిని ఒక్క పాఠమున కూర్పవచ్చునని చూపుటయే ఇచట మా ఉద్దేశము.

ఫలమును ఇచ్ఛచే గుణించి ప్రమాణముచే భాగింపవలెనను సూత్రమును ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయమున చెప్పెను. పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనిగించి గణితమును మన పద్యమునకు ఎక్కించెను. సూత్రము నేటి విద్యార్థులకు కంఠస్థమే; అది ఎచట చెల్లదో మాత్రము పలువురెఱుగరు. ప్రమాణేచ్ఛలు సమానజాతివి కావలెనని భాస్కరాచార్యుడు లీలావతియందు విధించెను. ఈ నియమమే పాఠమునకు ప్రాణమని మేము తలచెదము.

ఆర్మూరు ప్రాంతపు బాలబాలికలకు దీనిని పసుపుతో బోధింపవచ్చును. ఒకే కుప్పలోని కొమ్ములకు రెండింతల తూకమైన రెండింతల వెల. కాని తేమగల కుప్ప ధరతో చక్కగా ఎండిన కుప్పకు వెల కట్టినచో రైతు నష్టపోవును. రెండును పసుపే, అయినను ఈ లెక్కకు సమానజాతులు కావు.

హార్వర్డు వేధశాలయందు హెన్రియెటా స్వాన్ లెవిట్ ఎదుర్కొన్న చిక్కు ఇట్టిదే. మసకగా తోచు నక్షత్రము స్వతః మసకయో, మిక్కిలి దూరస్థమో చూపునకు తెలియదు. ఆమె చిన్న మెజిలానిక్ మేఘమునందలి 25 చంచలకాంతి తారలను పరిశీలించెను. అవి ఒకే "కుప్ప"లోనివి. మనకు దాదాపు సమదూరమున నున్నవి. కావున వాని దృశ్యకాంతి నిజకాంతికి అనులోమానుపాతమున నుండును. కాంతి హెచ్చిన కొలది ఆవర్తనకాలము దీర్ఘమగునని 1912లో ఇట్లు తేలెను.

తరువాతి మెట్టు విలోమము. ఒకే ఆవర్తనకాలము గల ఇట్టి రెండు తారలలో ఒకటి నూఱవవంతు కాంతితో కనబడినచో దాని దూరము ఎన్ని రెట్లు? తొందరపడు విద్యార్థి నూఱనును. కాంతి దూరవర్గమునకు విలోమముగా తగ్గును గనుక సమాధానము పది. 1923లో ఆండ్రోమెడాయందు హబుల్ గుర్తించిన తార, ఈ పద్ధతిచేతనే, ఆ నీహారిక మన పాలవెల్లికి వెలుపలిదని తెలిపెను.

1912 నాటి పత్రము వేధశాలాధిపతి పికరింగ్ సంతకముతో వెలువడెను. దానిని సిద్ధపఱచినది లెవిట్ అని అందే తొలి వాక్యమున కలదు. ఉపాధ్యాయులు ఆ వాక్యమును మఱువరాదు. లీలావతిని ప్రశ్నింపబడు బాలికగానే ఎఱిగిన మన విద్యార్థినులకు, ప్రశ్నను తానే వేసి లెక్క కట్టిన స్త్రీ పేరును తెలుపుట ఈ పాఠమున అంతర్భాగమే.