నేల ఋణము : జంతు విసర్జనములు ప్రకృతికి చేయు సేవ

పేడ పేరు చెప్పగానే ముక్కు మూసికొనుట నేటి మర్యాద. ఏడాదికొక పర్యాయము వెలువడు కళాశాల సంచికలో ఇట్టి విషయమునకు చోటిచ్చుట తగునా యని కొందరికి తోచవచ్చును. కాని మన పెద్దలు ఈ వస్తువును మనవలె చిన్నచూపు చూడలేదనుటకు మన భాషలే సాక్ష్యము. తెలుగులో ఆవు, ఎద్దు వేయునది పేడ. గొర్రె, మేక వేయునవి పెంటికలు. గుర్రము, ఏనుగు వేయునది లద్దె. పక్షి వేయునది రెట్ట. మన కళాశాల వసారాలలో తెలుగుతో పాటు వినవచ్చు ఉర్దూలోను ఇట్లే గోబర్, మేంగ్నీ, లీద్, బీట్ అని వేరువేరు పదములున్నవి. ఇరుగుపొరుగున పెరిగిన రెండు భాషలు ఇన్ని పేర్లు పెట్టుకొన్నవనిన, వానిని పలికిన రైతులు, కాపరులు, జట్కాబండి వారు ఆ వస్తువును దగ్గరనుండి చూచి, దాని గుణభేదములను ఎరిగి యుండిరనుట స్పష్టము.

ఈ వ్యాసమున చెప్పదలచినది ఒక్కటే. ప్రతి జీవియు నేలనుండి గాని, నీటినుండి గాని తీసికొన్న ఆహారము ఒక అప్పు వంటిది. మరణించిన పిదప దేహము మట్టిలో కలిసి ఆ అప్పు తీర్చును. బ్రతికి యున్నంత కాలము ఏనాటి బాకీ ఆనాడు చెల్లించునది విసర్జనము. ఆ చెల్లింపునకు ఎక్కడ అడ్డు కలిగినను మొదట నష్టపడునది నేల. చివరకు నష్టపడునది మనము.

పేడలో ఏమున్నది?

పశువు మేసిన గడ్డిలోని సారమంతయు దాని ఒంటికి పట్టదు. జీర్ణము కాని పీచు, దేహము విడిచిన లవణములు, ప్రేగులలో పెరిగిన కోటానుకోట్ల సూక్ష్మజీవులు కలిసి పేడగా వెలువడును. తాజా పేడలో నూటికి ఎనుబది వంతుల వరకు నీరే. మిగిలిన దానిలో నత్రజని, భాస్వరము, పొటాషియము మొదలైనవి ఉండును. బాగుగా మాగిన పశువుల ఎరువు 100 కిలోలలో సుమారు అర కిలో నత్రజని, పావు కిలో భాస్వరము, అర కిలో పొటాష్ లభించును. రసాయన ఎరువు బస్తాతో పోల్చినచో ఈ అంకెలు చాల చిన్నవి. కాని ఎరువుతో పాటు నేలకు చేరు పీచుపదార్థము మట్టిని గుల్లబరచి, వాననీటిని పట్టి యుంచును. బస్తాలోని ఎరువు ఈ పని చేయజాలదు.

ఇందొక చిక్కు కలదు. పేడలోని పోషకములను మొక్క వేరు ఉన్నవి ఉన్నట్లు పీల్చుకొనలేదు. వానిని ముందుగా సూక్ష్మజీవులు, శిలీంధ్రములు విడగొట్టవలెను. పేడ ఎండలో పడి యున్నచో దానిలోని నత్రజని కొంత అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోవును. పైన పెచ్చు కట్టి, లోపలి పదార్థము మట్టికి అందకుండ పోవును. కనుక పేడ ఎండిపోక ముందే నేలలోనికి దిగవలెను. చేనిలో రైతు పార పట్టి ఈ పని చేయును. అడవిలో, బీడులో చేయువారెవరు?

పేడపురుగు చాకిరి

ఆ పని పేడపురుగులది. ఇవి మూడు తీరులుగా బ్రతుకును. కొన్ని పేడను గుండ్రని ఉండగా చేసి, వెనుక కాళ్ళతో దొర్లించుకొని పోయి దూరముగా పాతిపెట్టును. కొన్ని పేడకడి క్రిందనే సొరంగము త్రవ్వి, ముద్దలను లోనికి దింపుకొనును. మరికొన్ని పేడలోనే కాపురముండును. మొదటి రెండు తీరుల పురుగులు పాతిన పేడలో గ్రుడ్డు పెట్టును. గ్రుడ్డు నుండి వెలువడిన పిల్లపురుగునకు ఆ ముద్దయే ఇల్లు, ఆ ముద్దయే ఆహారము. పురుగు తన సంతానము కొరకు చేసిన ఈ ఏర్పాటు వలన ఎరువు వేళ్ళ దగ్గరకు చేరుచున్నది. త్రవ్విన సొరంగముల గుండ గాలియు, నీరును నేలలోనికి దిగుచున్నవి. పేడలో పెరుగవలసిన ఈగలకు, పశువుల కడుపులోని పాముల పిల్లలకు చోటు తగ్గుచున్నది.

ఈ పురుగుల వేగము ఆశ్చర్యకరము. తూర్పు ఆఫ్రికాలో కిలోన్నర ఏనుగు లద్దెపై 16,000 పురుగులు వ్రాలి, రెండు గంటలలో దానిని మాయము చేసినవని 1974లో పరిశోధకులు ప్రకటించిరి. ఇంత పోటీలో ఉండను చేసికొన్న పురుగు ఇతరులు దోచుకొనక ముందే తిన్నని దారిని పారిపోవలెను. దక్షిణాఫ్రికాలోని ఒక జాతి పేడపురుగు చంద్రుడు లేని రాత్రి ఆకాశమందలి పాలపుంత వెలుగును ఆధారము చేసికొని దారి తప్పక నడచునని 2013లో వెల్లడియైనది. పేడలో పుట్టి పేడలో పెరిగిన పురుగునకు నక్షత్రములతో పని కలిగినదన్నమాట!

ఆస్ట్రేలియా నేర్చిన పాఠము

ఈ పురుగులు లేనిచో ఏమగునో ఆస్ట్రేలియా చరిత్ర చెప్పుచున్నది. ఆ ఖండమున ఆవులు లేవు. 1788లో ఆంగ్లేయులు తమ ఓడలలో కొద్ది పశువులను కొనిపోయిరి. అవి పెరిగి పెరిగి కాలక్రమమున కోట్ల సంఖ్యకు చేరినవి. ఒక పశువు దినమునకు పది పండ్రెండు మారులు పేడ వేయును. ఆస్ట్రేలియాలోను పేడపురుగులు లేకపోలేదు. కాని అవి తరతరములుగా కంగారూ వంటి జంతువుల చిన్న చిన్న పొడి పెంటికలకు అలవాటు పడినవి. మెత్తగా, వెడల్పుగా పడు ఆవు పేడను వానిలో చాల జాతులు ముట్టలేదు. పేడకడులు నెలల తరబడి, ఒక్కొక్కచోట ఏడాదికి పైగా, పచ్చికపై పెచ్చులుగా నిలిచిపోయినవి. వాని క్రింద గడ్డి చచ్చినది. చుట్టు పెరిగిన గడ్డిని పశువులు మేయలేదు. పేడలో పుట్టిన ఈగలు మనుష్యుల కన్నులపై, పశువుల పుండ్లపై ముసరినవి. పచ్చిక బీళ్ళు పోయి పేడ బీళ్ళు మిగిలినవి.

1950వ దశకము తొలినాళ్ళలో హంగరీ నుండి అచ్చటికి వలసపోయిన జార్జి బోర్నెమిస్సా అను కీటకశాస్త్రవేత్త ఈ ఎండిన పేడను చూచి ఆశ్చర్యపడెను. తాను పుట్టిన దేశమున పేడ ఇట్లు నిలిచియుండుటను ఆయన ఎరుగడు. కొదవ ఏమియో గ్రహించి, పరదేశపు పేడపురుగులను తెప్పించవలెనని ఆయన సూచించెను. సి.ఎస్.ఐ.ఆర్.ఓ. అను ఆ దేశపు జాతీయ పరిశోధన సంస్థ 1965 నుండి 1985 వరకు ఈ పథకమును నడపినది. పురుగులతో పాటు గాలికుంటు వంటి పశువ్యాధులు దేశమున ప్రవేశింపకుండ గ్రుడ్లను మాత్రమే తెచ్చి, మందునీటితో కడిగి, చేతితో చేసిన పేడ ఉండలలో ఒక్కొక్కటిగా ఉంచి పొదిగించిరి. ఆఫ్రికా, దక్షిణ యూరపుల నుండి వచ్చిన 40కి పైగా జాతులను విడిచిరి; 20కి పైగా జాతులు స్థిరపడినవి. అవి బాగుగా నెలకొన్న చోట్ల పేడ తిరిగి నేలలో కలిసినది, ఈగల బెడద తగ్గినది. బీదవాని బీడులో ఊరకే జరుగుచున్న పనిని ఒక సంపన్న దేశము ఇరువదేండ్లు శ్రమించి కొని తెచ్చుకొనవలసి వచ్చెను.

విత్తనముల ప్రయాణము

విసర్జనము ఎరువు మాత్రమే గాక బండి కూడ. పాత గోడ పగులులో, మసీదు మినారు అంచున, గుడి గోపురము మీద మొలచిన రావిమొక్కను ఎవరు నాటిరి? పండు తిన్న పక్షి రెట్టతో పాటు గింజను అచ్చట విడిచినది. మామిడికొమ్మను పట్టి పీడించు బదనిక సైతము ఇట్లే వ్యాపించును. దాని పండు తినిన చిన్నపిట్ట విసర్జించు గింజ జిగురు విడువక కొమ్మకు అంటుకొని మొలకెత్తును. ప్రకృతి చేయు పని ప్రతిసారి మనకు లాభకరముగా ఉండవలెనను నియమము లేదుగదా! ఇక ఏనుగు సంగతి. అది తిన్నదానిలో సగము కూడ జీర్ణము కాదు. అందువలన అడవి పండ్ల గింజలనేకము చెడక, తల్లిచెట్టు నీడకు దూరముగా, ఎరువుతో సహా నేలకు చేరుచున్నవి. ఏనుగులు తరిగిపోయిన అడవిలో పెద్ద గింజల చెట్లకు ఈ బండి దొరుకుట కష్టమగుచున్నది.

రెట్టయు, నీరును

పక్షి రెట్టలోని తెల్లని భాగము యూరికామ్లము. అందు నత్రజని విస్తారము. తమిళనాడులోని వేడంతాంగల్ చెరువున వేలాది కొంగలు గూళ్ళు కట్టును. వాని రెట్ట కలిసిన చెరువునీరు పైరునకు బలమని గ్రామస్థులు ఆ పక్షులను తరతరములుగా కాపాడుచు వచ్చిరి. మన సూళ్ళూరుపేట సమీపమున నేలపట్టు చెరువులో గూడబాతులు నీటి నడుమ నిలిచిన కడపచెట్లపై పిల్లలను చేయు దృశ్యమును చూచినవారికి, చెట్లు తెల్లవారి యుండుట గుర్తుండును. ఆ రెట్ట నీటిలో కరగి నాచునకు, నాచు వలన చేపకు, చేప వలన తిరిగి పక్షికి ఆహారమగుచున్నది.

పెరూ దేశపు తీరదీవులలో వాన లేమి చేత ఈ రెట్ట కరగక, కొన్ని చోట్ల 30 మీటర్లకు పైగా పేరుకొని యుండెడిది. దీనిని గ్వానో అందురు. 1802లో హంబోల్ట్ దాని గుణమును గమనించి మచ్చును యూరపునకు కొనిపోయెను. 1840 తరువాత ఓడలకు ఓడలు తరలినవి. దీవుల కొరకు 1864లో స్పెయిను దండెత్తినది. దానిని త్రవ్వుటకు తెచ్చిన చైనా కూలీలు దారుణమైన బాధలు పడిరి. శతాబ్దముల తరబడి పేరుకొన్న నిధి ఒక్క తరములో చాలవరకు ఖర్చైపోయినది. పిమ్మట 1909 నుండి పెరూ ప్రభుత్వము పక్షులను కాపాడుచు, అవి కూడబెట్టినంత మేరకే తీసికొను పద్ధతిని చేపట్టవలసి వచ్చెను.

నడి సముద్రమునను ఇదే న్యాయము. అంటార్కిటికా చుట్టునున్న జలములలో ఇనుము కొరత. ఇనుము లేనిది సూక్ష్మమైన సముద్రపు మొక్కలు పెరుగవు. తిమింగిలము రొయ్యల వంటి క్రిల్ అను ప్రాణులను తిని, ఉపరితలమున మలము విడుచును. ఆ నీటితో పోల్చినచో ఈ మలమున ఇనుము దాదాపు కోటి రెట్లు అధికమని 2010లో శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. 20వ శతాబ్దిలో మానవుడు సుమారు 29 లక్షల తిమింగిలములను వేటాడెను. తినువాడు తగ్గినచో క్రిల్ పెరుగవలెనని లోకన్యాయము. కాని అట్లు పెరిగినట్లు కనబడలేదు. తినువాడే ఎరువు వేయువాడు కూడ అగుట ఇందుకు ఒక కారణమని పలువురు శాస్త్రజ్ఞులు భావించుచున్నారు.

మన చేల మాట

ఇంతదూరము తిరిగి మన ఊరికి వత్తము. నా చిన్నతనమున కోతలైన పిదప గొర్రెల కాపరులు మందలతో మా ఊరికి వచ్చువారు. ఏ రాత్రి ఎవరి చేనిలో మంద నిలుపవలెనో రైతులు ముందుగానే మాటాడుకొనువారు. కాపరులకు అన్నము పెట్టి, గింజలు కొలిచి ఇచ్చువారు. మరునాడు తెల్లవారుజామున మా తాతగారు చేనంతయు నడచి, పెంటికలు ఒకచోట కుప్పపడక అంతట సమముగా పడినవో లేదో చూచువారు. "ఈ మూలకు ఇంకొక్క రాత్రి కావలెనోయ్" అని కాపరిని బ్రతిమాలుట నాకింకను జ్ఞాపకము. నేడు ఆ చేనిలో మంద నిలిచి ఏండ్లు గడచినవి. ఎద్దుల తావున ట్రాక్టరు వచ్చినది. ట్రాక్టరు దున్నును గాని పేడ వేయదు.

మిగిలిన పేడలో కొంత పిడకలై పొయ్యిలో కాలుచున్నది. కాలిన పిడక నుండి బూడిద మిగులును గాని, నత్రజనియు, పీచును మిగులవు. అయినను వంటచెరకు లేని ఇల్లాలిని తప్పుపట్టుట న్యాయము కాదు. ఆమెకు నిప్పు కావలెను, నేలకు ఎరువు కావలెను. ఈ రెంటిని కూర్చునది గోబర్ గ్యాసు. మూసిన తొట్టిలో పేడ పులిసి మీథేన్ వాయువు నిచ్చును. మిగిలిన మడ్డిలో నత్రజని నిలిచియే యుండును. 1981–82లో కేంద్రప్రభుత్వము దీనికొక జాతీయ పథకమును ప్రారంభించినది. పశువులున్న ఇంట, నీటి వసతి గల చోట, నేటికిని ఇది ఆచరింపదగినదే.

మరియొక జాగ్రత్త. పశువుల కడుపులోని పాములకు వాడు ఐవర్‌మెక్టిన్ అను మందు 1981 నుండి ప్రచారములోనికి వచ్చినది. మందు మంచిదే. కాని అది పేడతో పాటు వెలువడి, పేడపురుగు పిల్లలను చంపునని తేలినది. పశువైద్యుని సలహా లేకుండ అదేపనిగా వాడినచో మన బీళ్ళును ఆస్ట్రేలియా దారి పట్టవచ్చును. అట్లని పచ్చిపేడ నిరపాయకరమని భ్రమింపరాదు. పుండుపై పేడ పూసినచో ధనుర్వాతము సోకవచ్చును. పెంటకుప్ప బావికి చేరువగా ఉండరాదు. ఒకేచోట మితిమీరి చేరిన రెట్టయు, పేడయు చెరువున నాచును పెంచి చేపలను చంపును. అప్పు ఎక్కడిది అక్కడ, ఎంత తీసికొన్నది అంత చెల్లవలెను గాని, ఒకరి బాకీ మరియొకరి ఇంట కుప్పవోయరాదు.

విద్యార్థి సోదరులారా, సోదరీమణులారా! తొలకరి వాన వెలిసిన మరునాడు మీ ఊరి బీడులో ఒక పేడకడిని ఎన్నుకొని, పక్కన పుల్ల గ్రుచ్చి, వారము దినములు ప్రతి ఉదయము పోయి చూడుడు. దాని క్రింద మట్టి కుప్పలు, సొరంగముల నోళ్ళు కనబడినచో మీ ఊరి నేల ఋణము సక్రమముగా తీరుచున్నదని తెలిసికొనుడు. పుల్ల ప్రక్కన పేడ పెచ్చుకట్టి కదలక యున్నచో, కారణమేమని మీ ఇంటి పెద్దలను, పశువైద్యుని, మీ జీవశాస్త్రోపాధ్యాయుని అడుగుడు.